కిటికీకి అతికించిన ఛాతీ

"ఈ కొత్త నైటీలు ఎవరికే?"

తోంకా చేతిలో గరిటె ఆగిపోయింది. పొయ్యి మీద ఆకుకూరా బంగాళాదుంపలూ ఉడుకుతున్నాయి. అత్తగారు పెరీనా వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. కోడలు మంచం కింద దాచిన పెట్టె ఆవిడ చేతిలో తెరిచి ఉంది.

"నీకే అత్తయ్యా. పాతవి చిరిగిపోయాయి కదా."

"నా నైటీలు చిరిగితే నాకు తెలీదూ? మూడు కొత్త నైటీలు, కొత్త చెప్పులు, కొత్త తువ్వాలు. ఏమన్నారు మీరు నాతో? దగ్గుకి మందు మారుస్తారు, రెండ్రోజులు పట్నంలో ఉండి వచ్చేద్దామన్నారు. ఈ దీవిలో ఆడదానికి మూడు కొత్త నైటీలు ఎప్పుడు కొంటారో నాకు తెలుసు. పురుడుకి కొంటారు, పెద్ద ఆపరేషన్‌కి కొంటారు. డెబ్బై ఆరేళ్ళొచ్చాయి నాకు. పురుడైతే కాదుగా?"

తోంకాకి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ మింగేసి పొయ్యి వైపు తిరిగింది.

అప్పుడే స్తిపాన్ భోజనానికి వచ్చాడు. జుట్టు నిండా రాతిపొడి. తల్లి చేతిలో పెట్టె చూసి, పెళ్ళాం వీపు చూసి, వచ్చిన దారినే పోదామనుకున్నాడు.

"కూర్చో" అంది పెరీనా.

కూర్చున్నాడు. నలభై ఆరేళ్ళ మనిషి. పదిహేనేళ్ళు ఓడల మీద తిరిగి తుఫానులు చూసినవాడు. తల్లి ముందు మాత్రం బల్ల మీద రొట్టె ముక్కలు ఏరుకుంటూ కూర్చున్నాడు.

"నిన్న చేపలమ్మే యూరె నాకు మంచి చేపలు ఏరి ఇచ్చాడు. ముప్ఫై ఏళ్ళుగా కుళ్ళినవి అంటగట్టేవాడు, నిన్న ఏరి ఇచ్చాడు. మందుల షాపావిడ రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకుంది. ఫాదిరీగారు చర్చి మెట్లు దిగొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. ఊరందరికీ తెలిసింది నాకు తెలీనిదేమిట్రా?"

"అన్నం చల్లారిపోతుందమ్మా, తిను."

"స్తిపాన్!"

ఈ దీవిలో పెద్దవాళ్ళ జబ్బు సంగతి పెద్దవాళ్ళకి చెప్పరు. డాక్టరమ్మ కొడుకుని లోపలికి పిలుస్తుంది. కొడుకు కోడలికి చెబుతాడు, కోడలు వాళ్ళమ్మకి చెబుతుంది, సాయంత్రానికి పడవల రేవులో వలలు బాగుచేసుకునేవాళ్ళ దాకా పోతుంది. జబ్బు ఎవరిదో వాళ్ళని మాత్రం బయట బెంచీ మీద కూర్చోబెట్టి చేతిలో ఒక నారింజపండు పెడతారు. అదే ప్రేమ అనుకుంటారు. పెరీనా కూడా భర్త లోవ్రేకి అలాగే చేసింది పదకొండేళ్ళ క్రితం. ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చి ఆవిడ పెట్టె మూసి కింద పెట్టింది.

"చెప్పరా. నేనేం చిన్నపిల్లని కాదు."

స్తిపాన్ చెప్పాడు. కుడి ఊపిరితిత్తి పై భాగంలో ఒక నీడ ఉంది. పద్నాలుగు మిల్లీమీటర్లు. స్కానింగ్‌లో చూస్తే అంచులు మంచిదో చెడ్డదో తేలనట్టు ఉన్నాయి. చక్కెర మందు ఎక్కించి తీసిన రెండో స్కానింగ్‌లో వెలిగీ వెలగనట్టు వెలిగింది. సూది గుచ్చి తీసిన నలుసులో ఏమీ తేలలేదు. కాయితం మీద 'నిర్ధారించలేని నీడ' అని రాశారు. గురువారం పక్కటెముకల మధ్య కోసి ఆ ముక్క తీసేస్తారు.

"ఏముందో తెలియకుండానే కోస్తారా?"

"తెలుసుకోడానికే కోస్తారమ్మా."

"నా గుండె సంగతో? ఆ మత్తు డాక్టరు నా గుండె విని మొహం అలా పెట్టాడేం?"

స్తిపాన్ మళ్ళీ రొట్టె ముక్కలు ఏరసాగాడు. తోంకా ఇంక ఆగలేకపోయింది.

"నీ గుండెకి మత్తు తట్టుకోవడం కష్టమన్నాడు అత్తయ్యా. వదిలేస్తే అది కేన్సరైతే ఎలా అన్నాడు. కోస్తే ఒక భయం, కొయ్యకపోతే ఒక భయం. మూడు వారాలుగా మేము నిద్రపోయామనుకుంటున్నావా?" ఏడుస్తూనే కూరలో ఉప్పు వేసింది. అప్పటికే ఒకసారి వేసింది.

పెరీనా కుర్చీ లాక్కుని కూర్చుంది. భయమేసింది ఆవిడకి, ఎందుకెయ్యదు? గురువారం ఎంత దూరం, ఇవాళ సోమవారం.

"డాక్టరమ్మ ఇంకేమడిగింది?" అంది చివరికి.

"ఏమడుగుతుంది. నీకు పొగతాగే అలవాటుందా అంది. ఇంట్లో క్షయ ఎవరికైనా ఉండేదా అంది. పాత ఎక్స్‌రే ఫిల్ము ఏదైనా ఉందా, ఉంటే పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు అంది. ఆ నీడ ఎప్పట్నుంచో అలాగే ఉంటే భయం లేదట. కేన్సరు ఏళ్ళ తరబడి పెరగకుండా ఊరుకోదట. లేదన్నాను."

"ఎవర్నడిగి లేదన్నావు?"

స్తిపాన్ తల ఎత్తాడు.

"ఛాతీ ఎవరిదిరా? నాదా, నీదా? బెంచీ మీద నారింజపండు ఒలుచుకుంటూ కూర్చున్నదాన్ని, తలుపు తీసి ఒక్క మాట అడిగితే నీ నోటి ముత్యాలు రాలిపోయేవా? ఉంది! చేపల ఫ్యాక్టరీలో పనిచేసేటప్పుడు నాకు నిమోనియా వచ్చింది. ఎనభై ఎనిమిదిలో. నువ్వు పట్నంలో నావికుల బడిలో ఉన్నావు. ఇంత పెద్ద ఫిల్ము తీసి, గోధుమరంగు కవర్లో పెట్టి, నీ దగ్గరే ఉంచుకో అని నా చేతికే ఇచ్చారు!"

"ఎక్కడుందమ్మా?" స్తిపాన్ లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది.

పెరీనా నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది. చెయ్యి నెమ్మదిగా నోటి మీదికి పోయింది.

"మీ నాన్న కోసేశాడు" అంది.

*

రాయి చెక్కేవాళ్ళ ఇళ్ళల్లో పాత ఎక్స్‌రే ఫిల్ము పారెయ్యరు. అట్టముక్క తడికి నానిపోతుంది, రేకు వంగిపోతుంది. ఫిల్ము అలా కాదు. నీళ్ళు పడినా చెక్కుచెదరదు, రాయి మీద పెడితే అడుగున గీత కనబడుతుంది. సమాధి రాళ్ళ మీద చెక్కే శిలువలూ లంగర్లూ ఆలివ్ కొమ్మలూ అన్నింటికీ లోవ్రే అచ్చులు ఫిల్ముతోనే కోసుకున్నాడు. ఊళ్ళో ఎవరి కాలు విరిగినా, మానాక ఆ ఫిల్ము లోవ్రే దగ్గరికే వచ్చేది.

స్తిపాన్ పనికొట్టం నుంచి అచ్చుల పెట్టె మోసుకొచ్చాడు. మొహం పాలిపోయి ఉంది.

"పొద్దున కూడా ఈ లంగరు పెట్టి గీశానమ్మా. ఎవరిదో కాలనుకున్నా."

"కాలికి ఇన్ని పక్కటెముకలుంటాయట్రా, గుడ్డి వెధవా" అంది పెరీనా. అన్నాక స్తిపాన్ జుట్టులో రాతిపొడి దులిపింది.

తోంకా కిటికీ తెర లాగేసింది. సముద్రం వైపు నుంచి మధ్యాహ్నపు ఎండ అద్దంలోంచి దూసుకొచ్చింది. ముగ్గురూ ఒక్కొక్క అచ్చూ వెలుతురుకి ఎత్తి చూడటం మొదలుపెట్టారు. ఇది మోకాలు, పక్కన పెట్టు. ఇది ఎవరిదో దవడ, పళ్ళు చూడు. ఇది పక్కటెముక! ఇదీ పక్కటెముకే!

"ఇటు తిప్పు. కాదు, బోర్లా. ఆ గీత ఈ గీతతో కలవాలి."

"అత్తయ్యా, ఇదేమిటి ఇంత తెల్లగా?"

"గుండె అయ్యుంటుంది. ఐవీ తీగ ఆకు కింద కోశాడు చూడు మీ మావయ్య."

టేపు ముక్కలు పళ్ళతో కొరికి అతికించారు. శిలువ, లంగరు, కొవ్వొత్తి, తెరచాప పడవ, ఆలివ్ కొమ్మ. మధ్యమధ్య కత్తిరింపులు పోయిన చోట సందులున్నాయి. అయినా కాసేపటికి కిటికీ అద్దం మీద నలభై అయిదేళ్ళ వయసునాటి పెరీనా ఛాతీ లేచి నిలబడింది. పక్కటెముకల వెనక సముద్రం కనబడుతోంది. మెడ కింది కుడి ఎముక మధ్యలో వంకర తిరిగి ఉంది.

"అదిగో!" పెరీనా కేక పెట్టింది. "పన్నెండో ఏట అంజూరు చెట్టు మీంచి పడ్డాను. ఆ ఎముక అలాగే వంకరగా అతుక్కుంది. నేనే! నేనేరా అది!"

తోంకా అత్తగారిని వాటేసుకుంది. స్తిపాన్ మాత్రం అద్దానికి దగ్గరగా పోయి చూస్తున్నాడు. వంకర ఎముక చివర, దాని కింద, గుండ్రంగా ఒక ఖాళీ ఉంది. డాక్టరమ్మ స్కానింగ్‌లో వేలు పెట్టి చూపించిన చోటు అదే.

"ఇక్కడి ముక్క లేదమ్మా."

పెట్టె బోర్లించారు. అడుగున రాతిపొడి, ఒక తుప్పు మేకు. అంతే.

పెరీనా ఆ ఖాళీ ఆకారం చూసింది. చుట్టూ ఉన్న ముక్కల అంచులు గుండ్రంగా, అలలుగా ఉన్నాయి. ఆవిడకి ఆ ఆకారం తెలుసు. ఊరి శ్మశానంలో సగం రాళ్ళ మీద ఉంది.

"ఆరు రేకుల పువ్వు" అంది. "బార్తుల్ దగ్గరుంది."

బార్తుల్ లోవ్రే తమ్ముడు. లోవ్రే పోయిన పదకొండేళ్ళుగా ఆ పేరు ఈ వంటింట్లో పలకలేదు. అన్న సమాధి రాయి తమ్ముడు చెక్కడం ఈ ఇంటి ఆనవాయితీ. పెరీనా ఆ రాయి బార్తుల్‌కి కాకుండా, అప్పుడే ఓడ దిగొచ్చి ఉలి పట్టిన కొడుక్కిచ్చింది. బార్తుల్ చావింట్లో అందరి ముందూ అరిచి, తన వాటా పనిముట్లూ కొన్ని అచ్చులూ పట్టుకుని రేవుకి అవతలి చివర వేరే కొట్టం పెట్టుకున్నాడు. చర్చిలో ఎదురుపడినా తల తిప్పుకుంటాడు.

"నేను వెళ్తానమ్మా. కాళ్ళు పట్టుకుంటా" అన్నాడు స్తిపాన్.

"నువ్వు కూర్చో. నా తరఫున ఒకసారి మాట్లాడావు, అది చాలు."

పెరీనా నల్ల శాలువా కప్పుకుని బయల్దేరింది.

*

బార్తుల్ ఉలి ఆపలేదు. గుమ్మంలో నీడ పడగానే ఎవరో తెలిసింది, అయినా ఆపలేదు. డెబ్బై ఏళ్ళ మనిషి, మీసాలు కూడా రాతిపొడితో తెల్లబడ్డాయి. నాలుగు దెబ్బలు కొట్టి, ఒకసారి దగ్గి, మళ్ళీ నాలుగు కొట్టాడు.

"బార్తుల్."

"ఓహో. దారి తప్పావా వదినా? మీ అబ్బాయి కొట్టం ఆ చివర."

"దారి తప్పలేదు."

అప్పుడు తల ఎత్తాడు. ఆవిడ మొహం చూశాడు. ఊళ్ళో చెప్పుకుంటున్నది అతనికీ తెలుసు. సుత్తి కింద పెట్టాడు.

"తెలుసు ఎందుకొచ్చావో" అన్నాడు మెత్తగా. "నిన్ను అడిగించుకోను. అదిగో చూడు." గోడకి ఆనించిన తెల్లటి పలక మీంచి గోనెపట్టా తీశాడు. ఒక్క చార కూడా లేని రాయి, పాలమీగడలా ఉంది. "నీ సంగతి విన్నరోజే గనికి వెళ్ళి ఏరి తెచ్చా. అన్నయ్యది చెక్కనివ్వలేదు. పోన్లే. నీదైనా నన్ను చెక్కనిస్తావా వదినా?"

పెరీనా ఆ పలక చూసింది. తన సమాధి రాయి. ముచ్చటైన రాయి, కాదనడానికి లేదు. కోపం రావాల్సిన చోట ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వు ఆపుకోలేక పక్కనున్న పీట మీద కూలబడింది.

"ఏమైంది? నీళ్ళు కావాలా?"

"చావడానికి రాలేదురా నాయనా! నీ దగ్గర ఆరు రేకుల పువ్వు అచ్చుందే, అది నా ఊపిరితిత్తి. అది నాకు కావాలి!"

బార్తుల్‌కి అర్థం కాలేదు. రెండుసార్లు చెప్పించుకున్నాడు. గోడ దగ్గరికి వెళ్ళి, మేకుకి తగిలించిన అచ్చుల కట్ట దించాడు. దించినవాడు ఇవ్వకుండా గుండెకి ఆనించుకున్నాడు.

"పదకొండేళ్ళు. ఒక్కసారి గుమ్మం తొక్కలేదు. ఇప్పుడు నీకు పనిబడింది కాబట్టి వచ్చావు."

"అవును, పనిబడే వచ్చాను. నువ్వు మాత్రం? నాకు జబ్బని విని నన్ను చూడ్డానికి రాలేదు, నా రాయి తెచ్చుకున్నావు!"

బార్తుల్ మొహం ఎర్రబడింది.

"విను" అంది పెరీనా, ఈసారి మెల్లగా. "ఆ రోజు చెప్పాల్సింది, నువ్వు చెప్పనివ్వలేదు. జబ్బు సంగతి నేను చెప్పకపోయినా లోవ్రేకి తెలిసిపోయింది, తనే అడిగాడు స్తిపాన్ చేత చెక్కించమని. వాడు మళ్ళీ ఓడెక్కి పోతాడని భయపడ్డాడు. నా రాయి చెక్కిన కొడుకు ఈ ఊరు విడిచిపెట్టడు అన్నాడు. బార్తుల్ ఏమనుకుంటాడో అంటే, వాడు నా తమ్ముడు, వాడికి అర్థమవుతుంది అన్నాడు. నువ్వు అరిచావు. నేను మొండికేశాను."

బార్తుల్ గుండెకి ఆనించిన కట్ట మెల్లగా దించాడు. అందులోంచి పువ్వు తీసి, చొక్కాకి తుడిచి, వెలుతురుకి ఎత్తాడు.

"ఈ తెల్ల చుక్క చూశావా, నడిమధ్యన? అన్నయ్య కోస్తుంటే నేను పక్కనే ఉన్నా. 'మధ్య బిందువు పెట్టడానికి కంపాసు అక్కర్లేదురా, పెరీనా పెట్టే ఇచ్చింది' అని నవ్వాడు. దాన్ని మధ్యగా పట్టుకునే ఆరు రేకులూ గీశాడు."

పెరీనా లేచింది. అచ్చు అందుకుంది. పువ్వు నడిబొడ్డున గింజంత తెల్లటి మచ్చ. పక్కనే మేకుతో గీసిన లోవ్రే చేతిరాత ఉంది: 'మాతే రాయి, 1989.' ఏ అచ్చు ముందు ఎవరి రాయికి వాడాడో అలా గీసి పెట్టుకోవడం అతని అలవాటు.

"అప్పుడూ ఉంది" అంది. మళ్ళీ అంది. "బార్తుల్, అప్పుడూ ఉందిరా ఇది!"

ముప్ఫై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఎవరు పోయినా, ఆ చుక్క చుట్టూ గీసిన పువ్వే రాయి మీదికెక్కింది. మాతే, ఆయన పెళ్ళాం, పాత పోస్టుమాను, అందరూ దాని కిందే పడుకున్నారు. పెరీనా మాత్రం ఆ చుక్కని ఛాతీలో పెట్టుకుని అంజూరు కాయలు కోస్తూ, ఉప్పుచేపలు తింటూ తిరుగుతోంది. ఆవిడ ఆ కొట్టం మధ్యలో నిలబడి గట్టిగా నవ్వింది.

"ఇంకో ముక్క కూడా ఉంది, ఆ కాలంలోదే" అని బార్తుల్ పావురం అచ్చు కూడా వార్తాపత్రికలో చుట్టి ఇచ్చాడు. "నీదో కాదో నాకు గుర్తులేదు. పట్టుకెళ్ళు." ఇస్తూ మళ్ళీ దగ్గాడు. ఈసారి చాలాసేపు దగ్గాడు.

*

మంగళవారం ఉదయం పడవలో పట్నం చేరారు. ఆసుపత్రి వసారాలో డాక్టర్ బేగో అలవాటు ప్రకారం స్తిపాన్ వైపు తల ఊపి, "మీరొకసారి లోపలికి రండి" అంది. స్తిపాన్ కదల్లేదు. తల్లి వైపు చూశాడు.

"బెంచీ మీద వాడు కూర్చుంటాడు" అంది పెరీనా. "ఛాతీ నాది. నాతో చెప్పండి డాక్టరమ్మా."

తోంకా తెచ్చిన నారింజపండు స్తిపాన్ చేతిలో పెట్టింది. లోపలికి వెళ్ళింది.

టేపుతో అతికించిన ఛాతీని ముక్కలు విడిపోకుండా కిటికీ మీంచి తీసి ఒక పల్చటి ప్లాస్టిక్ కాయితం మీదికి ఎక్కించి, గొట్టంలా చుట్టి తెచ్చారు. పెరీనా దాన్ని బల్ల మీద పరిచింది. డాక్టరమ్మ ఆ శిలువనీ లంగరునీ పడవనీ చూసి కళ్ళజోడు పైకి తోసుకుని నవ్వింది.

"ఇదేమిటండీ?"

"నేను."

డాక్టర్ బేగో దాన్ని వెలుగుపెట్టె మీద తగిలించింది. పక్కనే తెర మీద కొత్త స్కానింగ్ పెట్టింది. నవ్వు ఆగిపోయింది ఆవిడకి. వంకర ఎముక ఇక్కడ చూసింది, అక్కడ చూసింది. పెరీనా గౌను మెడ పక్కకి లాగి వేలితో తడిమి కూడా చూసింది. మేకు గీతల మీద సంవత్సరం చదివింది. ఆ తరవాత పువ్వు నడిమధ్యన స్కేలు పెట్టింది. తీసి, మళ్ళీ పెట్టింది. బయటికి వెళ్ళి ఇంకో పెద్ద డాక్టర్ని పిలుచుకొచ్చింది. ఆయన భూతద్దం పట్టుకుని చూసి, "ఎవరు కోశారమ్మా ఇది?" అన్నాడు.

"మా ఆయన. సమాధులకి."

ఇద్దరు డాక్టర్లూ తమలో తాము ఏదో మాట్లాడుకున్నారు. పెరీనా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మరియమ్మ తల్లీ, మరియమ్మ తల్లీ అని లోపల అనుకుంటోంది. ఆ కాసేపట్లో ఆవిడకి మళ్ళీ గురువారం కనబడింది, మత్తు డాక్టరు మొహం కనబడింది.

డాక్టర్ బేగో కుర్చీ తిప్పుకుని ఎదురుగా కూర్చుంది.

"వినండి పెరీనాగారూ. ఇలాంటి నీడ కనబడితే మాకొచ్చే మొదటి చిక్కు, అది నిన్న వచ్చిందో, నలభై ఏళ్ళ క్రితం వచ్చిందో ఒక్క ఫొటో చూసి తెలీదు. పెద్దవయసువాళ్ళ ఊపిరితిత్తుల్లో పాత గుర్తులు బోలెడుంటాయి. ఎప్పుడో వచ్చి మానిపోయిన జబ్బుల మచ్చలు. ఇది ముప్ఫై ఏళ్ళ క్రితం ఇక్కడే ఉంది. ఎక్స్‌రేలో కాస్త పెద్దగా కనబడుతుంది, అది లెక్కేసుకున్నా అంతే ఉంది. పెరగలేదు."

"అంటే?"

"అంటే మచ్చ. చిన్నప్పుడు ఇంట్లో ఎవరైనా దగ్గేవారా?"

"మా మేనత్త. దగ్గీ దగ్గీ పోయింది. నేను ఆవిడ పక్కలోనే పడుకునేదాన్ని."

"అదే అయ్యుండొచ్చు. ఆర్నెల్ల తరవాత ఒకసారి స్కానింగ్ తీసి చూసుకుందాం, నా మనశ్శాంతికి. గురువారం ఆపరేషన్ లేదు. ఇంటికి వెళ్ళండి."

పెరీనా లేచింది. తరవాత డాక్టరమ్మ రెండు బుగ్గలూ పట్టుకుని చప్పుడొచ్చేలా ముద్దు పెట్టింది. పెద్ద డాక్టరు తప్పించుకోబోయాడు, ఆయన్నీ వదల్లేదు. తలుపు తీసి వసారా అంతా వినబడేలా అరిచింది.

"స్తిపాన్! ఆ మూడు నైటీలూ ఇంట్లోనే వేసుకుని చింపుతాన్రా!"

స్తిపాన్ నారింజపండు పట్టుకుని ఏడ్చేశాడు. పక్క బెంచీల మీదున్న ముసలివాళ్ళు, ఎవరో ఏమిటో తెలియకుండానే చప్పట్లు కొట్టారు. ఒకాయన కర్ర ఎత్తి, "నన్ను కూడా లోపలికి పిలవమను, నాకూ చెప్పమను!" అన్నాడు.

పెరీనా ఛాతీని మళ్ళీ చుట్టుకుంటుంటే డాక్టర్ బేగో ఆపింది.

"ఒక్క నిమిషం. ఈ పావురం మీది కాదు."

మూలకి అతికించి ఉన్న ముక్క అది. చుట్టుపక్కల ఎముకలతో ఎంతకీ కలవలేదు, ఎక్కడో ఉంటుందిలే అని తోంకా అలా పెట్టేసింది.

"ఈ పక్కటెముకలు వెడల్పు. మగమనిషివి. ఇందులో సన్నగా పొడి చల్లినట్టు చుక్కలున్నాయి. ఇంత చిన్న ముక్క చూసి నేనేమీ చెప్పలేను, చెప్పకూడదు కూడా. కానీ రాయి పని చేసేవాడైతే ఒకసారి రమ్మనండి. ఎవరిదిది?"

పెరీనా భూతద్దం అడిగి తీసుకుంది. పావురం రెక్క అంచున లోవ్రే చేతిరాత ఉంది: 'తమ్ముడి ఛాతీ, 1990.'

*

సాయంత్రం పడవ రేవుకి తగిలేసరికి ఊరు సగం అక్కడే ఉంది. తోంకా ఫోనులో ఎవరికి చెప్పిందో, వాళ్ళు ఎవరికి చెప్పారో. యూరె చేపలబుట్ట పట్టుకుని నిలబడ్డాడు. "మంచివి ఏరావా?" అంది పెరీనా. "చావడం లేదన్నారుగా, ఇంక ఏరేదేముంది" అన్నాడు. రేవంతా గొల్లుమంది. ఎవరో గ్లాసులో నీళ్ళు కలిపిన ద్రాక్షసారా చేతికిచ్చారు, గటగటా తాగేసింది.

జనంలో బార్తుల్ లేడు.

పెరీనా ఇంటివైపు తిరగలేదు. శాలువా సర్దుకుని రేవుకి అవతలి చివరికి నడిచింది. ఉలి చప్పుడు దూరం నుంచే వినబడింది. నాలుగు దెబ్బలు, ఒక దగ్గు.

"విన్నా" అన్నాడు బార్తుల్, మొహం అంతా నవ్వుతో. "రేవు మీద గోల ఇక్కడిదాకా వినబడింది. పలక ఏం చెయ్యమంటావ్ వదినా? గనికి తిరిగిచ్చెయ్యనా?"

"ఉండనీ. ఇంకో ఇరవై ఏళ్ళు ఎండనీ. నువ్వే చెక్కుదువుగాని." ఆవిడ వెళ్ళి ఆ పలక పక్కనే పీట మీద కూర్చుంది. "దానికి నువ్వు ఉండాలిగా. ఈ దగ్గు ఎన్నాళ్ళ నుంచి?"

"రాతిపొడి వదినా. చిన్నప్పట్నుంచీ ఉన్నదే."

"రేపు పొద్దుటి పడవకి వెళ్తున్నాం, నువ్వూ నేనూ. డాక్టరమ్మ చూస్తానంది."

బార్తుల్ నవ్వు పోయింది. ఉలి తీసుకుని, పెట్టి, మళ్ళీ తీసుకున్నాడు.

"నేను రాను. వెళ్తే ఏదో ఒకటి పట్టుకుంటారు. నీడంటారు, తెలీదంటారు, కోద్దామంటారు. నీకు పాత ఫిల్ముంది కాబట్టి బతికిపోయావు. పోల్చి చూడ్డానికి నా దగ్గర ఏముంది?"

పెరీనా సంచిలోంచి వార్తాపత్రిక చుట్ట తీసింది. విప్పి, పావురాన్ని అతని ముందు తెల్లటి రాయి మీద పెట్టింది. వెలుతురుకి అందులో పక్కటెముకలు కనబడ్డాయి.

"ఇదుంది" అంది.

బార్తుల్ అన్న చేతిరాత చదివాడు. ఒకసారి చదివి, వేలితో తుడిచి, మళ్ళీ చదివాడు. తరవాత ఉలి కింద పెట్టాడు.

"ఎన్నింటికి పడవ?" అని అతను అడిగేదాకా లేచేది లేదని పెరీనా శాలువా విప్పి ఒళ్ళో పెట్టుకుంది.